మూసారాంబాగ్ ఫ్రెంచి సమాధి: రాయి మీద రెండక్షరాలు, రాయని వేల పేర్లు

హైదరాబాద్ మెట్రో రైలు మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోతుంటే మధ్యలో మూసారాంబాగ్ అని ఒక స్టేషన్ వస్తుంది. రోజూ వేలమంది ఆ పేరు వింటారు. రాముడి పేరేమో అనుకునేవాళ్లు ఉన్నారు, మూసీ నది పేరేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. అది ఫ్రాన్సు నుంచి వచ్చి నిజాం దగ్గర కొలువు చేసిన ఒక కిరాయి సేనాని పేరు. మోస్యూ రేమండ్ అన్న మాట మన జనం నోట్లో పడి హిందువులకు మూసా రాం అయ్యింది, ముస్లింలకు మూసా రహీం అయ్యింది. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడి గుట్ట మీద, ఆస్మాన్‌గఢ్ దగ్గర ఉంది.

పారిస్ నగరంలో పాంథియన్ అని పెద్ద కట్టడం ఒకటుంది. 1791లో ఫ్రెంచి విప్లవకారులు దాన్ని దేశం గర్వించే మనుషుల్ని పూడ్చే చోటుగా మార్చారు. వోల్టేర్, రూసో, విక్టర్ హ్యూగో అక్కడే ఉన్నారు. లోకం నలుమూలల నుంచి జనం టికెట్ కొనుక్కుని పోయి ఆ సమాధులు చూసి వస్తారు. మన తెలుగు నేల మీద అలాంటి ఫ్రెంచి సమాధి కట్టడం చూడాలంటే మూసారాంబాగ్ గుట్ట ఎక్కితే చాలు.

కోసిగి ప్రాంతపు వాడల నుంచి వచ్చిన మేము ఈ ఫ్రెంచివాడి కథ ఎందుకు చెబుతున్నాం అని ఎవరైనా అడగొచ్చు. కారణం ఉంది. కోసిగి, ఆదోని, ఆలూరు ఇంగ్లీషువాళ్ల చేతిలోకి ఎట్లా పోయాయో తెలియాలంటే రేమండ్ కథ తెలియాలి. ఎవరి పేరు రాయి మీద నిలుస్తుంది, ఎవరి పేరు మట్టిలో కలిసిపోతుంది అన్న ప్రశ్నకు కూడా ఈ సమాధి దగ్గర ఒక జవాబు దొరుకుతుంది.

వ్యాపారానికి వచ్చి తుపాకీ పట్టినవాడు

మిషెల్ జోయాకిం మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సు నైరుతి మూలన ఉన్న గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి వ్యాపారి. ఇరవై ఏళ్ల వయసులో, 1775లో, సరుకులు అమ్ముకుందామని పుదుచ్చేరి వచ్చాడు. ఆ కాలంలో పుదుచ్చేరి నుంచి యానాం దాకా ఫ్రెంచివాళ్ల కొట్లు, ఓడలు ఉండేవి. కానీ ఇంగ్లీషు కంపెనీతో జరిగిన యుద్ధాల్లో ఫ్రెంచివాళ్లు అప్పటికే ఓడిపోయి ఉన్నారు. వ్యాపారంలో మిగిలేది తక్కువ. యుద్ధ విద్య తెలిసిన తెల్లవాడికి మాత్రం దేశీ సంస్థానాల్లో మంచి గిరాకీ ఉంది. రేమండ్ కొట్టు వదిలి కత్తి పట్టాడు.

ముందు మైసూరులో హైదర్ అలీ దగ్గర ఉన్న ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ మళ్లీ ఇండియాకు వచ్చినప్పుడు ఆయన వెంట ఉండి పని చేశాడు. బుస్సీ అంటే తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 1757 బొబ్బిలి యుద్ధంలో కోట మీదికి ఫిరంగులు తెచ్చినవాడు ఆయనే. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయాడు. ఆ తర్వాత రేమండ్ హైదరాబాద్ చేరి రెండో నిజాం, నిజాం అలీ ఖాన్ కొలువులో కుదిరాడు.

మా ప్రాంతానికి ఫ్రెంచి సైనికులు కొత్త కాదు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోని కోటలో ఉండి ఏలుతున్నప్పుడు లాలీ అనే ఫ్రెంచి అధికారి కింద ఒక దళాన్ని పోషించాడు. ఇంగ్లీషువాళ్లకు అది నచ్చలేదు. 1779లో వాళ్లతో ఒప్పందం చేసుకుని బసాలత్ జంగ్ ఆ దళాన్ని పంపేశాడు. లాలీ తన మనుషులతో సహా హైదర్ అలీ వైపు పోయాడు. ఆదోనిలో ఆనాడు జరిగిందే ఇరవై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఇంకా పెద్దగా జరిగింది.

మూడొందల మందితో మొదలు

రేమండ్ నిజాం కొలువులో మూడొందల మంది సిపాయిలతో పని మొదలుపెట్టాడు. సొంత తుపాకులు లేవు. ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర అద్దెకు తెచ్చి సిపాయిల చేతికిచ్చాడు. తర్వాత పన్నెండేళ్లలో ఆ దళం దాదాపు 14 వేల మందికి పెరిగింది. వాళ్ల మీద వందకు పైగా యూరోపియన్ అధికారులు ఉండేవాళ్లు. సిపాయిల జీతాల కోసం నిజాం కొన్ని ప్రాంతాల శిస్తును రేమండ్ చేతికి రాసిచ్చాడు. అంటే ఆ సైన్యాన్ని పోషించింది ఖజానా అనుకుంటే పొరపాటు. ఆ ఊళ్లలో మడి దున్నినవాళ్లు, కోత కోసినవాళ్లు, కల్లంలో గింజలు కొలిచి ఇచ్చినవాళ్లు పోషించారు.

1786 నుంచి రేమండ్ హైదరాబాద్‌లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా నడిపించాడు. తోప్ కా సాంచా అని పిలిచే ఆ చోటు వల్లే ఫతే మైదాన్ పక్కన ఉన్న పేటకు గన్‌ఫౌండ్రీ అని పేరు వచ్చింది. చరిత్ర పుస్తకాలు ఈ కార్ఖానాను రేమండ్ కట్టించాడని రాస్తాయి. కట్టించడం వేరు, కట్టడం వేరు. కొలిమి ఊదింది, లోహం కరిగించింది, బొగ్గు మోసింది, చల్లారిన ఫిరంగిని బండికెక్కించింది ఎవరు? ఆ రోజుల్లో తోలు లేకుండా సైన్యం అడుగు కదలదు. కత్తికి ఒర, మందుగుండుకు సంచి, గుర్రానికి జీను, ఎద్దుకు పట్టెడ, నీళ్లకు తిత్తి, కాళ్లకు చెప్పులు, ముందు నడిచే డప్పు, అన్నీ తోలువే. తెలుగు నేల మీద తోలు ఊనే పని, కుట్టే పని ఏ వాడ చేసేదో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చుకుపోయిన చేతులే సైన్యాలకు జీన్లు కుట్టి ఇచ్చాయి. ఆ చేతుల్ని ముట్టుకుంటే మైల, అవి కుట్టిన జీను మీద కూర్చుంటే దర్జా.

ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోవాలి. యూరప్ పద్ధతిలో కవాతు నేర్చిన కాలిబంటు సిపాయిని ఆ కాలంలో ఉత్తరాదిన తిలంగా అనేవాళ్లు. మొదట అలాంటి సిపాయిలు ఎక్కువగా తెలుగు నేల నుంచి పోయారు కాబట్టి ఆ పేరు వచ్చింది. సిపాయి అన్న వృత్తికే మనవాళ్ల పేరు పెట్టారు కానీ, ఆ సిపాయిల సొంత పేర్లు మాత్రం ఎక్కడా పెట్టలేదు.

ఖర్దాలో ఓటమి, కడపకు దళం

1795 మార్చి 11న ఇప్పటి మహారాష్ట్రలోని ఖర్దా దగ్గర నిజాంకూ మరాఠాలకూ యుద్ధం జరిగింది. నిజాం వైపు రేమండ్ దళం, మరాఠాల్లో సింధియా వైపు పెరాన్ అనే మరో ఫ్రెంచివాడి దళం. ఫ్రెంచివాడు నేర్పిన కవాతుతోనే మన దేశపు పేదలు అటూ ఇటూ నిలబడి ఒకర్నొకరు కాల్చుకున్నారు. గుర్రపు దళం చెల్లాచెదురైనా రేమండ్ సిపాయిలు నిలబడ్డారని చరిత్రకారులు రాశారు. రాత్రికి నిజామే వెనక్కి తగ్గమన్నాడు. చివరికి భూములు, కోట్ల రూపాయలు ఇస్తానని ఒప్పుకున్నాడు. దివానును మరాఠాలకు బందీగా అప్పగించాడు.

ఆ యుద్ధంలో ఇంగ్లీషు కంపెనీ నిజాంకు సాయం రాలేదు. నిజాంకు కోపం వచ్చి కంపెనీ దళాన్ని పంపేసి, రేమండ్ మీద మరింత ఆధారపడ్డాడు. కడప సీమ అప్పటికి మూడేళ్ల కిందటే, 1792లో, టిప్పు నుంచి నిజాం చేతికి వచ్చింది. రేమండ్ దళంలో కొంత భాగాన్ని కంపెనీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆ కడప వైపు పంపాలని నిజాం పూనుకున్నాడు. ఫ్రెంచి దళం తమ గుమ్మం ముందు కూర్చుంటుందని కంపెనీ గవర్నర్ జనరల్ జాన్ షోర్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు.

అదే ఏడు నిజాం కొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటును అణిచి రాజకుమారుణ్ణి పట్టుకున్నది రేమండే. హైదరాబాద్ తీసుకొస్తుండగా దారిలోనే అలీ జా విషం తాగి చనిపోయాడు. కొడుకు పోయినా గద్దె నిలబడింది. రేమండ్‌కు పరపతి పెరిగింది. అజ్దర్ జంగ్ అంటూ బిరుదులు వచ్చాయి.

బొత్తాల మీద స్వేచ్ఛ టోపీ

రేమండ్ ఇక్కడ సైన్యం పెంచుతున్న ఏళ్లలోనే అక్కడ ఫ్రాన్సులో రాజు తల తెగింది. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అంటూ కొత్త ప్రభుత్వం వచ్చింది. రేమండ్ కూడా ఆ వైపే నిలబడ్డాడు. ఆయన దళం మూడు రంగుల ఫ్రెంచి జెండా పట్టుకుని నడిచేది. సిపాయిల కోటు బొత్తాల మీద విప్లవానికి గుర్తయిన స్వేచ్ఛ టోపీ బొమ్మ ఉండేది. ఇంగ్లీషువాళ్లకు భయం పుట్టించింది దళం బలం ఎంతో, ఆ జెండా కూడా అంతే.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. మనుషులందరూ సమానం అని చెప్పే జెండా 1790ల్లోనే హైదరాబాద్ వీధుల్లో ఎగిరింది. అయితే దాని కింద ఏం మారింది? ఒక్క వాడకు ఊరి బావిలో నీళ్లు దొరికాయా? ఒక్క వెట్టివాడి వెట్టి ఆగిందా? ఆ జెండా పట్టుకున్నవాడే రాజు పక్కన నిలబడి రాజుకు ఎదురు తిరిగినవాళ్లను అణిచాడు. శిస్తు కింద ఊళ్లు తీసుకున్నాడు. సమానత్వం కోటు బొత్తాం దాకా వచ్చి, కోటు లోపలి మనిషి దాకా రాకుండా ఆగిపోయింది.

అదే జెండా అవే ఏళ్లలో ఇంకోచోట ఏం చేసిందో చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికా ఖండాల మధ్య కరీబియన్ సముద్రంలో సెయింట్ డొమింగ్ అనే ఫ్రెంచి దీవి ఉండేది. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన లక్షలాది మంది నల్లవాళ్లు అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా చచ్చేదాకా పని చేసేవాళ్లు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. బానిసగా పుట్టిన టూసాన్ లూవెర్త్యూర్ ఆ పోరాటానికి నాయకుడయ్యాడు. వాళ్ల పోరాటం దెబ్బకే 1794 ఫిబ్రవరి 4న పారిస్ ప్రభుత్వం తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. అప్పుడు టూసాన్ ఆ మూడు రంగుల జెండాను చేతిలోకి తీసుకున్నాడు. నెపోలియన్ వచ్చాక బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. టూసాన్‌ను మోసంతో పట్టి ఫ్రాన్సుకు తీసుకుపోయి చలి కొండల్లో ఒక కోటలో పెట్టారు. 1803 ఏప్రిల్ 7న ఆయన అక్కడే చనిపోయాడు. మరుసటి ఏడు జనవరి 1న ఆయన జనం హైతీ అనే స్వతంత్ర దేశాన్ని ప్రకటించారు.

టూసాన్ ఎముకలు పాంథియన్‌లో లేవు. 1998లో, ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్లకు, ఆ కట్టడం గోడ మీద ఆయన పేరు చెక్కారు. బానిసత్వాన్ని మళ్లీ తేవడానికి ఎదురు నిలిచి గ్వాడెలూప్ దీవిలో ప్రాణమిచ్చిన డెల్గ్రెస్ పేరు కూడా అప్పుడే చెక్కారు. పేరు రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది, కానీ అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది. మన మహాత్మా ఫూలే 1873లో గులాంగిరి రాసినప్పుడు అమెరికాలో నీగ్రో బానిసత్వాన్ని తీసేసినవాళ్లకు అంకితమిచ్చాడంటే ఊరికే ఇవ్వలేదు. ఎక్కడి సంకెళ్లయినా ఒకే కొలిమిలో కాల్చినవని ఆయనకు తెలుసు.

చావు తర్వాత జీతాల గోల

రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. వయసు నలభై రెండేళ్లు. విషం పెట్టారన్న మాట అప్పట్లోనే పుట్టింది. దాన్ని ఎవరూ రుజువు చేయలేదు. ఆయన తర్వాత పిరాన్ అనే మరో ఫ్రెంచి అధికారి దళానికి పెద్దయ్యాడు.

రెండు నెలలకే వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఫ్రెంచి దళాన్ని తీసేయడమే ఆయన మొదటి పని. 1798 సెప్టెంబరు 1న నిజాంతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఫ్రెంచి దళం రద్దు, దాని చోట కంపెనీ దళం, ఆ ఖర్చు నిజాంది. హైదరాబాద్‌లో కంపెనీ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ ఈ పని నడిపించాడు. కోఠిలో మహిళా కాలేజీగా మారిన పెద్ద భవనం తర్వాత ఆయన కట్టించుకున్నదే.

అక్టోబరులో దళాన్ని రద్దు చేసే వేళకు సిపాయిలు తిరగబడ్డారు. జీతం బకాయి ఉంది. తమను పెంచిన అధికారులు వెళ్లిపోతున్నారు. బకాయి ఎవరిస్తారని పిరాన్‌ను, మిగతా అధికారులను పట్టి నిర్బంధించారు. ఇదే అదను అనుకుని కంపెనీ దళం చుట్టుముట్టింది. అక్టోబరు 22న పది వేలకు పైగా ఉన్న సిపాయిలు ఆయుధాలు కింద పెట్టారు. రక్తపాతం లేకుండా గొప్ప విజయం సాధించామని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు. ఫ్రెంచి అధికారులను కలకత్తా మీదుగా ఓడలెక్కించి పంపేశారు.

రేమండ్ మీద వచ్చిన పుస్తకాలు, కథలు ఈ ఘట్టాన్ని ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ మధ్య జరిగిన చదరంగంగా చెబుతాయి. మేం దాన్ని ఇంకోలా చదువుతాం. ఆ రోజు పది వేల మంది కూలీలు చేసిన పనికి కూలి అడిగారు. జెండా ఏదైనా, సేనాని ఏ దేశంవాడైనా, వాళ్ల ప్రశ్న ఒక్కటే. కోసిగి నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయినవాళ్లకు, పత్తి తీయడానికి తెలంగాణ పోయినవాళ్లకు, బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాద్ పోయినవాళ్లకు ఆ ప్రశ్న బాగా తెలుసు. ముందు బయానా ఇచ్చి లారీ ఎక్కించిన మేస్త్రి, పని అయ్యాక లెక్క చూసేటప్పుడు కనబడడు. రాజుల కథలో అది తిరుగుబాటు, మా కథలో అది కూలి లెక్క.

జీతం కింద జమకట్టిన సీమ

ఇక కోసిగి దగ్గరికి వద్దాం. రేమండ్ దళం పోయి కంపెనీ దళం వచ్చింది. దాని ఖర్చు నిజాం ఏటా డబ్బు రూపంలో ఇవ్వాలి. 1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక కంపెనీ ఇంకా ఎక్కువ దళాన్ని పెట్టింది. ఖర్చూ పెరిగింది. 1800 అక్టోబరులో కొత్త ఒప్పందం రాశారు. ఏటా డబ్బు ఇచ్చే బదులు, మైసూరుతో జరిగిన రెండు యుద్ధాల వల్ల తనకు వచ్చిన ప్రాంతాలన్నీ నిజాం శాశ్వతంగా కంపెనీకి ఇచ్చేశాడు. కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు అట్లా పోయాయి. తుంగభద్రను సరిహద్దు చేసుకుందామని, నదికి అవతల ఉన్న కొప్పళ, గజేంద్రగఢ్ వంటివి నిజాం ఉంచుకుని, ఇవతల ఉన్న ఆదోనిని ఇచ్చాడు. కోసిగి ఆ ఆదోని సీమలోనిదే. అంటే మా ఊళ్లు మార్పిడి సరుకుగా పోయాయి. నదికి ఈ ఒడ్డున ఉండటమే మేం చేసిన నేరం.

అందుకే ఈ సీమకు దత్త మండలాలు అని పేరు పడింది. ఇచ్చేసిన భూమి అని అర్థం. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో ఆ పేరు అవమానంగా ఉందని రాయలసీమ అని కొత్త పేరు పెట్టుకున్నారు. పేరు మారింది, కరువు మారలేదు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించాడు. పట్టా ఉన్నవాడు రైతయ్యాడు. ఊరి బయట ఉన్న మాల మాదిగల్లో ఎక్కువమంది ఆ పట్టాదారుల పొలాల్లో జీతగాళ్లుగా, కూలీలుగా మిగిలారు. 1876-78 నాటి పెద్ద కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాల్లో చచ్చినవాళ్లలో ముందు చచ్చింది గాదెలో గింజ లేనివాళ్లే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి కర్నూలులో కలిశాయి. ఈ రోజుకూ పంట లేని నెలల్లో కోసిగి రైల్వే స్టేషన్‌లో, బస్టాండులో మూటలు పెట్టుకుని పిల్లాజెల్లాతో నిలబడినవాళ్లను చూడొచ్చు. మా వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి అంటే పంట కోతల పండగ. సొంత పంట లేనివాడికి అది వలస పేరయ్యింది.

గుట్ట మీద ఏముంది

ఆ వలస దారిలోనే హైదరాబాద్ చేరినవాళ్లం మేము. సమాధి ఉన్న గుట్ట చుట్టూ ఇప్పుడు ఇళ్లు, దుకాణాలు నిండిపోయాయి. మెట్లెక్కి పైకి పోతే సుమారు 23 అడుగుల ఎత్తున నల్లరాతి స్తంభం. నాలుగు పలకలుగా లేచి పైకి పోయే కొద్దీ సన్నబడుతుంది. పక్కనే స్తంభాల మండపం. 2001 వానలకు అది కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. నల్లరాయి మీద చెక్కింది రెండు ఇంగ్లీషు అక్షరాలే, జె, ఆర్. పుట్టిన ఊరు లేదు, చచ్చిన తేదీ లేదు, పొగడ్త లేదు.

ఒకప్పుడు ఏటా మార్చి 25న ఇక్కడ జనం గుమిగూడేవాళ్లు. ఊదుబత్తీలు వెలిగించి, దీపాలు పెట్టి, దర్గా దగ్గర ఉర్సు చేసినట్టు చేసేవాళ్లు. పరాయి దేశంవాడిని, పరాయి మతంవాడిని మనవాళ్లు రామ్ అనీ రహీం అనీ పిలుచుకుని దగ్గరికి తీసుకున్నారు. ఆ గుణం మెచ్చుకోదగ్గది. అయితే ఎక్కడో సముద్రాల అవతల పుట్టినవాడిని దేవుడి పక్కన కూర్చోబెట్టగలిగిన ఆ ఊరే, తన పొలిమేరలో పుట్టినవాడిని గుడి మెట్టు ఎక్కనివ్వలేదు. మతం, రంగు, భాష దాటగలిగిన మమకారం కులం దగ్గర ఆగిపోయింది. రేమండ్ సమాధి మాకు నేర్పిన పెద్ద పాఠం ఇది.

మాకు రేమండ్ మీద పగ లేదు. పొట్ట చేత పట్టుకుని దేశం కాని దేశం వచ్చి, అద్దె తుపాకులతో బతుకు మొదలుపెట్టినవాడు ఆయన. వలస బతుకు కష్టం మాకు తెలుసు. మాకు అభ్యంతరం ఆ సమాధి చుట్టూ అల్లిన కథ మీద. మంత్రులు, సేనానులు, రెసిడెంట్లు, బేగములు అందరూ ఆ కథలో ఉన్నారు. పద్నాలుగు వేల మంది సిపాయిలు మాత్రం ఒక అంకెగా మిగిలిపోయారు.

పేర్లున్న స్తంభం, పేర్లు లేని స్తంభం

నల్లరాతి స్తంభం అనగానే మన పాఠకులకు గుర్తొచ్చేది మరొకటి ఉంది. పుణె దగ్గర భీమా కోరేగావ్. 1818 జనవరి 1న అక్కడ పీష్వా సైన్యంతో కంపెనీ దళం పోరాడింది. అదీ కిరాయి సైన్యమే, అదీ తెల్లవాళ్ల కోసం జరిగిన యుద్ధమే. తేడా ఎక్కడుందంటే, అక్కడి స్తంభం మీద చనిపోయిన సిపాయిల పేర్లు చెక్కారు. నాక్ అని ముగిసే పేర్లు వరసగా ఉన్నాయి. అవి మహర్ల పేర్లు. పేర్లున్నాయి కాబట్టి వాళ్లు మావాళ్లు అని చెప్పుకోగలిగాం. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేడ్కర్ అక్కడికి పోయి నిలబడ్డారు. సైన్యంలో పని చేసిన సుబేదారు కొడుకు ఆయన. మహర్లను వాడుకున్న ఇంగ్లీషు ప్రభుత్వమే 1890ల్లో వాళ్లను యుద్ధానికి పనికిరాని కులమని సైన్యం నుంచి దూరం పెట్టింది. ఆ అవమానానికి జవాబు ఆ రాతి మీద ఉందని ఆయన చూపించారు. అప్పటి నుంచి ఏటా లక్షల మంది అక్కడికి పోతున్నారు.

రాయి మీద పేరుంటే వందేళ్ల తర్వాతైనా మనవడు వచ్చి చదువుకుంటాడు. పేరు లేకపోతే చరిత్రలో మీ వాటా ఏది అని అడిగినవాడికి చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ మాట మూసారాంబాగ్ దగ్గర ఆగదు. మా పల్లెల్లో చావు కబురు మోసింది మావాళ్లు, పాడె ముందు డప్పు కొట్టింది మావాళ్లు, గొయ్యి తవ్వింది మావాళ్లు. ఊరందరి చావులకు చాకిరీ చేసినవాళ్ల సొంత చావుకు చోటు ఎక్కడ? వంక పక్కన, బీడులో, ఎవరో దున్నుకుంటూ వచ్చిన గట్టు అంచున. వాన పడితే శవాన్ని మోకాటి లోతు నీళ్లలో మోసుకుపోవాలి. దారి పక్కపొలంవాడి దయ. రికార్డులో శ్మశానం అని రాసి లేకపోతే రేపు అది ఇంకెవరి పేరనో ఎక్కుతుంది. మా తాతల సమాధుల మీద రాయి లేదు. రాయి పెడితే నిలుస్తుందన్న నమ్మకమూ లేదు.

అందుకే మేం అడుగుతున్నది రెండు పనులు. మొదటిది, రేమండ్ సమాధిని చూసుకునే పురావస్తు శాఖ అక్కడ పెట్టే బోర్డులో సేనానితో పాటు సిపాయిల గురించీ, 1798 అక్టోబరులో వాళ్లు జీతం కోసం నిలబడిన రోజు గురించీ, ఫిరంగి కార్ఖానాలో చెమటోడ్చినవాళ్ల గురించీ నాలుగు వాక్యాలు తెలుగులో, ఉర్దూలో రాయాలి. రెండోది, కోసిగి మండలంతో మొదలుపెట్టి సీమ పల్లెలన్నిటిలో మాల మాదిగల శ్మశానాలకు సర్వే చేసి, హద్దు రాళ్లు పాతి, దారితో సహా రెవెన్యూ రికార్డులో ఎక్కించాలి. ఒకటి గతంలో మా పేరు కోసం, రెండోది రేపు మా చోటు కోసం.

ఈలోగా మనం చేయగలిగిన పని ఒకటుంది. మూసారాంబాగ్ వైపు పోయినప్పుడు ఆ గుట్ట ఎక్కండి. పిల్లల్ని వెంట తీసుకుపోండి. రాయి మీది రెండక్షరాలు చూపించి రేమండ్ కథ చెప్పండి. ఆ తర్వాత మీ తాత, ముత్తాత పేర్లు, వాళ్లు చేసిన పని, వాళ్లను పూడ్చిన చోటు పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. ఇంట్లో ముసలివాళ్లు బతికుండగానే అడిగి రాయించండి. పాంథియన్ గోడ మీద టూసాన్ పేరు ఎక్కడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. మన పేర్లు రాయడానికి మనం ఎవరి అనుమతి కోసమూ కాచుకోనక్కర్లేదు.